ఫిట్‌నెస్ బ్యాండ్ కొలిచేవి రెండే, మిగతావన్నీ అంచనాలు

నమస్తే అండీ. "వాచ్ చెప్పింది" అనే మాట విని విని విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. వాకింగ్ నుంచి రాగానే "వాచ్ 500 కేలరీలు కరిగాయంది, ఇవాళ ఇంకొంచెం తినొచ్చు" అంటారు. పొద్దున్న హాయిగా లేచినవాళ్లు కూడా ఫోన్ చూసుకుని "స్లీప్ స్కోర్ 61 వచ్చింది, రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదట" అని దిగులు పడతారు. పట్టలేదట ఏమిటండీ, నిద్రపోయింది మీరు కదా! ఇంకోవైపు "అదంతా బోగస్, చేతికి కట్టుకునే బొమ్మ" అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ఈ రెండు వర్గాలదీ ఒకటే పొరపాటు. ఆ యాప్‌లో కనిపించే అంకెలన్నీ ఒకే జాతివి అనుకుంటున్నారు, నమ్మితే అన్నీ నమ్మాలి, లేకపోతే అన్నీ పారేయాలి అనుకుంటున్నారు. బ్యాండ్ కొనాలా వద్దా, పెట్టుకుంటే లాభముందా అని అడిగేవాళ్లకి జవాబు చెప్పాలంటే ముందు ఈ ముడి విప్పాలి.

ఆ చిన్న డబ్బాలో ఏమున్నాయో చూద్దాం. ఒకటి, యాక్సిలెరోమీటర్, అంటే చెయ్యి ఎటు ఎంత వేగంగా కదిలిందో పట్టే సెన్సర్. రెండోది, అడుగున మిణుకుమనే ఆకుపచ్చ లైటు. రక్తం ఆకుపచ్చ వెలుతురుని బాగా పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, దాంతో వెనక్కి తిరిగొచ్చే వెలుతురు తగ్గి పెరుగుతుంది, ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడితే నాడి. కొన్ని మోడల్స్‌లో జీపీఎస్, ఈసీజీ, చర్మం వేడిని చూసే సెన్సర్ కూడా ఉంటాయి, అవి అదనం. మామూలు బ్యాండ్ నేరుగా చూసేవి మాత్రం ఈ రెండే, కదలికా నాడీ. కేలరీలు, నిద్ర, స్ట్రెస్, రికవరీ, బాడీ ఏజ్, ఇవన్నీ ఆ రెంటిలోంచి లెక్కకట్టి తీసినవి.

ఇది నేను ఎలా గుర్తుపెట్టుకుంటానో చెబుతాను. మీ ఎదురింట్లో ఒక బాబాయిగారు ఉన్నారనుకోండి. రిటైరయ్యారు, పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటారు, ఆయనకి మీ ఇంటి గుమ్మమూ, గదుల్లో లైట్లూ కనిపిస్తాయి. అంతే. ఇవాళ మీరు ఎన్నిసార్లు బయటికి వెళ్లారని అడిగితే ఆయన లెక్క దాదాపు సరిగ్గా ఉంటుంది, కళ్లతో చూశారు కాబట్టి. అదే మీ ఇంట్లో ఏం వండుకున్నారని అడిగారనుకోండి, చేతిలో సంచీ చూశాను, ఫలానా టైంకి వంటింట్లో లైటు వెలిగింది, కాబట్టి ఫలానా కూర చేసుంటారు అంటారు. ఆయన అబద్ధమాడట్లేదు, ఊహిస్తున్నారు. చిక్కేమిటంటే చూసిందీ ఊహించిందీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెబుతారు. మీ యాప్ చేసేది కూడా అదే, అడుగుల అంకె ఎంత లావు అక్షరాల్లో ఉంటుందో కేలరీల అంకె కూడా అంతే లావు.

[తెర మీద: అడుగులు]

అడుగులు బాబాయిగారు గుమ్మం చూసి లెక్కపెట్టేవి. మామూలుగా చేతులు ఊపుకుంటూ నడిస్తే లెక్క బాగానే వస్తుంది. ట్రాలీ తోసుకుంటూనో, పిల్లల బండి పట్టుకునో నడిస్తే మణికట్టు ఊగదు కాబట్టి కొన్ని అడుగులు జారిపోతాయి, మీరు పెరటి తలుపులోంచి వెళ్లిపోతే ఆయనకి తెలియనట్టు. అది పెద్ద సమస్య కాదు. నన్ను బాధపెట్టేది రోజుకి 10,000 అడుగులు వెయ్యాలన్న ఆ లక్ష్యం. ఆ అంకె ఏ డాక్టర్లూ కూర్చుని తేల్చింది కాదండీ, 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్‌ని, అంటే అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని, అమ్మడానికి వాడుకున్న అంకె. అమెరికాలో 16,000 మందికి పైగా పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే సుమారు 4,400 వేసేవాళ్లలో, ఆ గమనించిన కాలంలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనిపించింది, ఆ లాభం 7,500 దగ్గరికి వచ్చేసరికి ఇక పెరగడం ఆగింది. వయసు తక్కువవాళ్లకి ఆ గీత ఇంకా పైన ఉండొచ్చు, నడిచినందువల్లే ఆ తేడా అంతా వచ్చిందని కూడా ఇలాంటి పరిశోధన రుజువు చెయ్యదు. కానీ 6,000 దగ్గర ఆగిపోయి "ఇవాళ కూడా ఫెయిలయ్యాను" అని నీరసపడే మనిషిని చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఆ మనిషి ఫెయిలవలేదు!

నాడి సంగతి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు బాగానే పడుతుంది. వేగంగా పరిగెత్తి ఆగి మళ్లీ పరిగెత్తేటప్పుడు, బరువులు గట్టిగా పట్టుకుని ఎత్తేటప్పుడు తడబడుతుంది, గుమ్మం ముందు గుంపు చేరితే బాబాయిగారి లెక్క తప్పినట్టు. బ్యాండ్ వదులుగా ఉన్నా, ఆ చోట పచ్చబొట్టు ఉన్నా కూడా ఇంతే. అంత కచ్చితంగా కావాల్సినవాళ్లు ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ వాడతారు, అది వెలుతురుని కాదు, గుండె విద్యుత్ సంకేతాల్నే పడుతుంది.

[తెర మీద: కేలరీలు]

ఇప్పుడు కేలరీలు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో సరిగ్గా తెలియాలంటే ముఖానికి మాస్క్ పెట్టి, ఎంత ఆక్సిజన్ లోపలికి వెళ్లింది, ఎంత కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చింది అని కొలవాలి. బ్యాండ్ ఏం చేస్తుంది? మీరు మొదటిరోజు టైపు చేసిన వయసు, బరువు, ఎత్తు తీసుకుని, కదలికా నాడీ కలిపి ఒక ఫార్ములాలో వేస్తుంది. మీ కండ ఎంత, కొవ్వు ఎంత, మీకు ఆ పని ఎంత అలవాటు, దానికి తెలియదు. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 60 మందికి ఏడు రకాల పరికరాలు కట్టి చూశారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతోనే చెప్పాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 శాతం తప్పింది. ఆ తర్వాత మోడల్స్ మారాయి, నిజమే, కానీ కిటికీ మాత్రం అదే కిటికీ. సంచీ చూసి కూర చెప్పడం అన్నాను కదా, అది ఇదే. కాబట్టి దయచేసి వాచ్ చూపించిన కేలరీల్ని నమ్మి దానికి సరిపడా తినకండి.

నిద్ర కూడా అంతే. గాఢనిద్ర, కలల నిద్ర అనేవి మెదడులో జరిగేవి, వాటిని చూడాలంటే తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి ల్యాబ్‌లో పడుకోబెట్టాలి. బాబాయిగారికి కనిపించేది లైటు ఆరడం ఒక్కటే. మీరు చీకట్లో కదలకుండా పడుకుని ఏదో టెన్షన్‌తో గంటసేపు సీలింగ్ చూస్తున్నా, నిద్రపోయారనే రాసుకోవచ్చు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు అన్నది పర్వాలేదు, "గాఢనిద్ర 48 నిమిషాలు" అన్నది మాత్రం ఊహే. 2017లో నిద్ర సమస్యలకి చికిత్స చేసే నిపుణులు కొన్ని కేసులు రాశారు. ల్యాబ్ పరీక్షలో గాఢనిద్ర పట్టిందని తేలినా, ట్రాకర్ బాలేదంటోంది కదా అని ఆ వచ్చినవాళ్లు దాన్నే నమ్మారట. మంచి స్కోర్ కోసం మంచం మీద ఎక్కువసేపు పడుకోవడం, స్కోర్ గురించే ఆందోళన పడటం, దానివల్లే నిద్ర చెడటం. మీకు ఇది జరుగుతుంటే రాత్రిళ్లు బ్యాండ్ తీసేయండి, ఇందులో ఆలోచించాల్సిందేం లేదు.

మరి అంచనాలన్నీ పనికిరానివా? కాదు. రోజూ అదే మనిషి అదే కిటికీలోంచి చూస్తుంటే, ఆయన తప్పు కూడా చాలావరకు ఒకే తీరులో ఉంటుంది. "ఈమధ్య రోజూ బాగా ఆలస్యంగా వస్తున్నారే" అని బాబాయిగారు అంటే ఆ మాట వినాలి. విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం నెలల తరబడి మెల్లగా తగ్గుతోందంటే మీ వ్యాయామం పనిచేస్తున్నట్టే. ఉన్నట్టుండి నాలుగైదు పెరిగి కొన్నాళ్లు అక్కడే ఉంటే నిద్ర చాలట్లేదో, జ్వరం రాబోతోందో, ఒంటికి శ్రమ ఎక్కువైందో చూసుకోవాలి. నా మటుకు నాకు బ్యాండ్‌లో అన్నిటికంటే విలువైన అంకె ఇదే, దాన్నే యాప్‌లో ఎక్కడో అడుగున దాస్తారు. ఇంకోటి, మీ అంకెల్ని స్నేహితుడి అంకెలతో పోల్చకండి, అది వేరే బ్రాండ్ అయితే అసలు పోల్చకండి, ఆయన్ని చూసేది వేరే బాబాయి.

సరే, అసలు ప్రశ్న, పెట్టుకుంటే మనిషి మారతాడా? 2016లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధన ఒకటి చాలామందిని ఆశ్చర్యపరిచింది. బరువు తగ్గాలనుకునే యువకులు, యువతులు 470 మంది దాకా. అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం, సలహాలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత సగం మందికి చేతికి కట్టుకునే ట్రాకర్ కూడా ఇచ్చారు. రెండేళ్లకి చూస్తే ట్రాకర్ లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్లు 3.5 కిలోలే. ఎందుకలా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు. నా అనుమానమైతే, ఇందాక చెప్పినట్టు వాచ్ చూపించిన కేలరీల్ని నమ్మి తినడమే. కానీ దీన్ని పట్టుకుని ట్రాకర్లు దండగ అనేయకూడదు, 2022లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన పెద్ద సమీక్ష వచ్చింది, మొత్తం 1,60,000 మందికి పైగా. ట్రాకర్ పెట్టుకున్నవాళ్లు రోజుకి సగటున 1,800 అడుగులు ఎక్కువ నడిచారు, బరువు ఒక కిలో దాకా తగ్గారు. అంటే నడక పెరుగుతుంది, బరువు పెద్దగా మారదు. ఇందులో నాకు వింతేం కనిపించదు. ఎవరో చూస్తున్నారంటే గుమ్మం దాటడానికి ఒక కారణం దొరుకుతుంది, వంటింట్లో ఏం జరుగుతుందన్నది వేరే విషయం. కొన్నాళ్లకి ఆ చూపు అలవాటైపోయి పట్టించుకోం కూడా, అందుకే మొదటి రెండు మూడు నెలల్లో నడకకి ఒక టైం కుదుర్చుకోవాలి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

గుండె లయ తప్పిందన్న అలర్ట్. యాపిల్ వాచ్ పెట్టుకున్న 4 లక్షల మందికి పైగా మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 200 మందిలో ఒకరికి అలర్ట్ వచ్చింది. వాళ్లలో తర్వాత ఒంటికి అతికించే ఈసీజీ ప్యాచ్ పెట్టుకున్నవాళ్లని చూస్తే 34 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే సమస్య, బయటపడింది. ఆ సమస్య వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి మిగతావన్నీ తప్పుడు అలర్ట్‌లని అనలేం. అర్ధరాత్రి మీ తలుపు తీసి ఉందని బాబాయిగారు ఫోన్ చేస్తే దొంగలు పడ్డారని అరవరు, అలాగని పడుకోరు కూడా, వెళ్లి చూస్తారు. అలాగే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలర్ట్ రాలేదు కదా అని మాత్రం ఛాతీ నొప్పిని వదిలేయకండి.

సూది లేకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు కొనకండి. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని మందులు, వైద్య పరికరాల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రైవసీ. 2018లో స్ట్రావా అనే వ్యాయామం యాప్ మ్యాప్‌లో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి, సైనికులు పరిగెత్తిన దారులు వెలుగు గీతల్లా కనిపించి. బాబాయిగారు చూసింది వీధంతా చెప్పకుండా ఉండాలంటే యాప్ సెట్టింగ్స్‌లో లొకేషన్ షేరింగ్ మీరే ఆపాలి.

చివరగా, ఎవరు కొనాలి? అడుగులు మాత్రమే కావాలంటే కొనక్కర్లేదు, మీ ఫోన్‌లో కూడా యాక్సిలెరోమీటర్ ఉంది, జేబులో పెట్టుకుంటే లెక్కపెడుతుంది. రోజంతా కూర్చునే ఉద్యోగమైతే, వ్యాయామం కొత్తగా మొదలుపెడుతుంటే, గుండె వేగం చూసుకుంటూ పరుగు నేర్చుకోవాలంటే, తీసుకోండి, సాదాసీదా మోడల్ చాలు. ప్రతి అంకెకీ గాభరాపడే స్వభావమైతే వద్దు. ఇప్పటికే ఉందా, కేలరీల బొమ్మని, స్ట్రెస్ స్కోర్‌ని హోమ్ స్క్రీన్ నుంచి తీసేసి విశ్రాంతి గుండె వేగాన్ని పైకి తెచ్చుకోండి, సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని. హెచ్ఆర్‌వీ, అంటే ఒక గుండె చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య వ్యవధిలో వచ్చే తేడా, గురించి చాలామంది అడిగారు, అది ఇందులో ఇరికిస్తే అన్యాయమైపోతుంది, తర్వాతి వీడియోలో విడిగా చెబుతాను, ఈలోపు డౌట్లుంటే కింద రాయండి.