పళ్లు పులిశాయి అంటాం కదా
(గిడుగు జయంతి సభలో చేసిన ప్రసంగం, పర్లాకిమిడి)

వేదిక మీది పెద్దలకి, నా పాత విద్యార్థులకి, మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చినవాళ్లకి నమస్కారం. గిడుగు రామమూర్తి గారి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన గురించే మాట్లాడతాను గానీ నోట్లో పళ్ల మీదుగా వెళ్తాను. ముప్పై రెండేళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, నాకు అలవాటైన దారి అది.

పచ్చి చింతకాయ కొరికితే మనం ఏమంటాం? "పళ్లు పులిసిపోయాయి" అంటాం. పులుపు తెలిసేది నాలుకకే అయినా దెబ్బ తగిలేది పంటికని ఆ మాట పుట్టించినవాళ్లకి తెలుసు. పాఠంలో దాన్నే "ఆమ్ల క్షయం" అని చెబితే పిల్లలు బట్టీ పడతారు, తమ నోట్లో పన్ను మాత్రం వాళ్లకి గుర్తురాదు. ఈ ఊళ్లో పాఠాలు చెప్పి, ఇక్కడి ఆదివాసులైన సవరల మాట నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని గిడుగు వారు తిరిగింది ఇందుకే కదా.

ఇప్పుడు మా చెల్లి సంగతి చెప్పాలి. చెప్పడానికి తన ఒప్పుకోలు తీసుకునే వచ్చాను.

దానికి రెండు కాన్పుల్లోనూ నెలల తరబడి వాంతులే. పుట్టింట్లో మా దగ్గరే ఉంది. వాంతి అయిన ప్రతిసారీ నోరు చేదుగా ఉందని నూతి గట్టు మీద కూలబడేది. నేను బొగ్గు నూరి, కాస్త ఉప్పు కలిపి దాని ఎడం చేతిలో పోసేదాన్ని. "గట్టిగా తోము, నోరు శుభ్రపడుతుంది" అనేదాన్ని. చూపుడువేలితో కరకరా రుద్దేది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. రోజుకి నాలుగుసార్లు, ఐదుసార్లు. తర్వాత ఏళ్ల తరబడి పులితేన్పులు. నలభై దాటేసరికి ముందు పళ్ల అంచులు గాజుముక్కల్లా పలచబడ్డాయి. అద్దం పెట్టి చూస్తే పై పళ్ల లోపలి వైపు తెలుపు పోయి పసుపు కనబడేది. కుండలో నీళ్లు తాగినా జివ్వుమని దవడ పట్టుకునేది. "అప్పా, సల్ది కూడా తినలేకపోతన్నానే" అని ఏడ్చింది.

ఒక పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు నోట్లోకి చూసి సహాయకుడితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మాతో మాత్రం "వయసు, అరిగిపోయాయి, క్యాపులు వేయించాలి" అన్నాడు. వాంతులయ్యేవా, పులితేన్పులున్నాయా అని ఒక్క ప్రశ్న అడగలేదు. చీటీ మీద రాసిన మాట ఇంటికొచ్చి నిఘంటువులో వెతుక్కున్నాను, ఆ ఆమ్ల క్షయమే. బొగ్గు నూరిన ఈ చేతులకి ఆ రోజే తెలిసింది. మీలో ఎవరింట్లోనైనా ఇప్పుడు వేవిళ్లతో ఉన్న అమ్మాయి ఉంటే దయచేసి పక్కవాళ్లతో మాటలు ఆపి వినండి.

పన్ను పైపొర ఎనామిల్. బరువులో 96 శాతం ఖనిజమే, కాల్షియం, ఫాస్ఫేటు. శరీరంలో దానికంటే గట్టిది లేదు. కానీ దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి మొలిచేసరికే పోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. పోయిన ఎనామిల్‌ని శరీరం మళ్లీ కట్టలేదు. పులుపుని కొలిచే లెక్క పీహెచ్, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోట్లో అది 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం 2, 3 మధ్య ఉంటుంది. కడుపులోంచి వచ్చే ఆమ్లం అంతకంటే ఘాటు. ఆమ్లం తగిలిన వెంటనే పైపొర మెత్తబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మేము బొగ్గుతో గీకాం.

మరి రోజూ పులుసు తినే మనకి పళ్లెలా మిగిలాయి? లాలాజలం వల్ల. అందులోని ప్రోటీన్లు కడిగిన పంటి మీద కొద్ది నిమిషాల్లోనే కంటికి కనబడని పొరలా అతుక్కుంటాయి. ఆమ్లం నేరుగా ఖనిజాన్ని తాకకుండా అది అడ్డుపడుతుంది. స్టాథెరిన్ అనే ప్రోటీన్ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. ఈ పొరని బలపరచడం ఎలాగన్నదే ఇప్పుడు దేశదేశాల్లో పరిశోధన. బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం వాళ్లు చెరకులోని ఒక ప్రోటీన్ తీసుకున్నారు. కేన్ సీపీఐ-5 అని పేరు. అది ఎనామిల్‌ని గట్టిగా పట్టుకుంటుందనీ, ఆమ్లంలో పెట్టినా ఖనిజం తక్కువ పోతుందనీ ప్రయోగాల్లో చూశారు. పళ్లు పాడుచేస్తుందని పిల్లల చేతిలోంచి చెరకుముక్క లాక్కున్నదాన్ని, ఇది చదివి ఆ రాత్రి నిద్రపోలేదు.

పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ సంగతి ఇంకా పాతది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం కేసీన్ ముక్కలతో కాల్షియం ఫాస్ఫేటుని పంటికి అందించే పద్ధతి కనిపెట్టింది. ఆ పేస్టు దుకాణాల్లోనే దొరుకుతుంది. పాల ప్రోటీన్ పడనివాళ్లు దాని జోలికి పోకూడదు. పెరుగు పుల్లగా ఉన్నా పళ్లని కరిగించకపోవడానికి కారణం అందులోని కాల్షియం, ఫాస్ఫేటే.

ఇంకొకటి చెప్పాలి, ఇది మన ఊరి గర్వం కూడా. కొమ్ముని కాచి, వంచి, మెరుగుపెట్టి కొంగలు, రొయ్యలు చేసే పనివాళ్లు ఇక్కడ ఉన్నారు. ఆ కొమ్ము కెరాటిన్ అనే ప్రోటీన్. గోరు, వెంట్రుక, ఉన్ని అన్నీ అదే. 2025లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు ఉన్నిలోంచి తీసిన కెరాటిన్ పంటి మీద పొరగా ఏర్పడి, లాలాజలంలోని ఖనిజాన్ని పట్టుకుని ఎనామిల్ లాంటి గట్టి పూత కడుతుందని చూపించారు. అది మన చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. వచ్చాక ఆ డబ్బా మీద ఏ భాషలో రాస్తారు? పర్లాకిమిడిలో నూతి గట్టు మీద కూచున్న అమ్మాయి చదవగలదా?

సమయం అయిందని గంట కొట్టారు, విన్నాను. ఇంకొక్క నిమిషం.

గుమ్మం దగ్గర బల్ల మీద కాగితాలు పెట్టాను, నా చేత్తో రాసి జిరాక్సు తీయించినవి. నాలుగే ముక్కలు ఉన్నాయి వాటిలో. "వాంతి అయితే వెంటనే పళ్లు తోమకు. గ్లాసు నీళ్లలో చిటికెడు తినే సోడా వేసి పుక్కిలించు, లేకపోతే ఉత్తి నీళ్లతోనే. తోమడానికి గంటసేపు ఆగు. బొగ్గు, ఇటుకపొడి ముట్టకు, ఫ్లోరైడ్ పేస్టు వాడు." రెండొందలు ఉన్నాయి. ఒడియాలో కూడా కావాలంటే నా శిష్యురాలు రాసి ఇచ్చింది, అవి పక్కన ఉన్నాయి. సవర మాటలో ఇంకా లేదు. రాయగలిగినవాళ్లు ఈ సభలో ఉంటే వెళ్లిపోయే ముందు నన్ను కలవండి, మూడో వరసలో మా చెల్లి పక్కన కూచుంటాను.