ఉప్పాడ వెళ్లే ముందు

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మనమంతా కాకినాడ దగ్గరి ఉప్పాడ వెళ్తున్నాం కదా, ముందుగా ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ఆ ఊరంటే ప్రాణం, అందుకే వెంటనే ఒప్పుకున్నాను.

నేను మొదటిసారి వెళ్లింది మే నెలలో, వేట నిషేధం రోజుల్లో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. బోట్ల నీడలో కూర్చుని మగవాళ్లు చిరిగిన వలలు బాగుచేసుకుంటున్నారు. పక్కనే ఒక మామ్మ ఎండబెట్టిన నెత్తళ్లు తిరగేస్తోంది. "మీ ఇల్లెక్కడ మామ్మా?" అన్నాను. ఊళ్లోకి చూపిస్తుందనుకుంటే, చెయ్యి సముద్రం వైపు చాపింది. "అదుగో బాబూ, ఆ కెరటం విరుగుతోందే, అక్కడుండేది. ఇప్పుడున్నది మూడో ఇల్లు."

ఆవిడ ఏడవలేదు. చేపలు తిరగేస్తూనే చెప్పింది. నాకే నోట మాట రాలేదు.

ఎందుకిలా జరుగుతోందో తర్వాత తెలుసుకున్నాను. గోదావరి తెచ్చిన ఇసుకతో కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఏర్పడింది. దాదాపు 16 కిలోమీటర్ల పొడవున్న ఇసుక దిబ్బ అది. తుపాను వస్తే పెద్ద కెరటాలు ముందు దాన్నే కొడతాయి, కాకినాడకు ఆ మేరకు రక్ష. కానీ తీరం వెంట ఉత్తరానికి సాగిపోవాల్సిన ఇసుక చాలావరకు ఆ దిబ్బ దగ్గరే ఆగిపోతుంది. దిబ్బ చాటు దాటిన చోట ఉంది ఉప్పాడ. ఉన్న ఇసుకను కెరటం లాక్కుపోతుంది, ఆ చోటుకు కొత్త ఇసుక రాదు. కోతను ఆపడానికి జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు పరిచారు, రాళ్లు పోశారు. అవీ దెబ్బతిన్నాయి. మనం వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు మళ్లీ వేశారో! సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేటల్లోనూ ఇదే బాధ. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఆ ఇళ్లల్లో రాత్రి నిద్ర ఉండదు.

2020లో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున జనం బంగారం కోసం ఇసుకలో వెతికారని టీవీల్లో వింతగా చూపించారు. మునిగిపోయిన ఇళ్లదీ గుళ్లదీ ఆ బంగారమని ఊరివాళ్లంటారు. మామ్మ మాట విన్నవాడిని కాబట్టి నాకది వింతగా అనిపించలేదు.

ఉప్పాడ అనగానే మీలో చాలామందికి చీరే గుర్తొస్తుందని తెలుసు. పక్కనే కొత్తపల్లి ఉంది, అక్కడి మగ్గాలూ చూద్దాం. ఇక్కడి నేతను జాందానీ అంటారు. అందులో పువ్వు కోసం వేసే పోగును చేత్తోనే ఎక్కిస్తారు. ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేస్తారు. చీర తిరగేసి చూడండి, వెనకవైపు కూడా పువ్వు అంతే శుభ్రంగా ఉంటుంది, వేలాడే దారాలుండవు. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. దయచేసి మగ్గం దగ్గర బేరమాడకండి. ఒక్క చీరకు వారాలు, పెద్ద పనితనమైతే నెలలు పడుతుంది.

ఇక ఆదివారం సంగతి. తెల్లవారకముందే బయల్దేరాలి. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకు మనం అక్కడుంటే వేలం పాట చూడొచ్చు. చందువ, వంజరం, కానాగంతలు, పీతలు, ఆ రోజు వలలో ఏం పడితే అది. వాళ్లకు అది కూలి గిట్టే సమయం, అడ్డంగా నిలబడి ఫోటోలు తీయొద్దు. చేపలు కొనేవాళ్లు మూతున్న డబ్బా, చిల్లర తెచ్చుకోండి. గంప పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గరే కొందాం.

నేను మాత్రం కాసేపు మీ నుంచి విడిపోతాను. ఆ మామ్మ ఇంటికి వెళ్లి రావాలి. పోయినసారి ఆ ఇంటికీ నీళ్లకూ మధ్య ఇంకా నాలుగు ఇళ్లున్నాయి.