గిడ్డంగి నుంచి గోడౌన్ దాకా

అందరికీ నమస్కారం. ఒక మాట ఎలా పుట్టిందో చెప్పే కథ ఎంత ఇంపుగా ఉన్నా, ఆ మాట ఏ కాలంలో, ఏ రేవులో, ఎవరి రాతల్లో ముందుగా కనిపించిందో తెలుసుకోకుండా ఆ కథను నమ్మకూడదు. ఈ సంగతిని గోడౌన్ అనే మాటతోనే పరిశీలిద్దాం.

సరుకు దాచే చోటు నేలమాళిగలో ఉండేదనీ, మెట్లు దిగి వెళ్లాలి గనుక ఇంగ్లీషువారు దానిని ‘గో డౌన్’ అన్నారనీ కొందరు చెబుతుంటారు. ఈ కథ కాలపరీక్షకు నిలవదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పుట్టినదే 1600లో. మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టినది 1611లో. పోర్చుగీసువారు 1511లోనే మలయ్ భాష మాట్లాడే రేవుపట్నం మలక్కాను (నేటి మలేషియాలో ఉంది) పట్టుకున్నారు, అక్కడి సరుకుల కొట్లను 16వ శతాబ్దపు తమ రాతల్లో ఈ మాటతోనే పేర్కొన్నారు. ఇంగ్లీషు ఓడలు మన తీరానికి రాకముందే పోర్చుగీసు కాగితాల మీద ఉన్న మాటకు ఇంగ్లీషు క్రియ మూలం ఎలా అవుతుంది? మలయ్, ఇండోనేషియన్ భాషల్లో ఈనాటికీ గుదాంగ్ అంటే సరుకుల కొట్టే.

మరి మలయ్‌కు ఆ మాట ఎక్కడిది? హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు, అది దక్షిణ భారతం నుంచే వెళ్లినట్లు కనిపిస్తున్నదని చెప్పి, తెలుగు గిడ్డంగినీ తమిళ కిడంగునూ పక్కపక్కన చూపింది. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండడం. కనుక సరుకు పడి ఉండే చోటు అని అర్థం వస్తుంది. ఈ దారి నమ్మదగినదే. కోరమాండల్ తీరపు బట్టలను మలక్కాకు చేర్చి సుగంధద్రవ్యాలతో తిరిగి వచ్చే వర్తకులను అక్కడివారు క్లింగులు అనేవారు; ఆ పిలుపులో మన కళింగం పేరే ఉంది.

అయినా ఇది అచ్చంగా తెలుగు మాటేనని చాటడానికి నేను ఒప్పుకోను. ఆ వర్తకుల్లో తమిళులూ తెలుగువారూ ఉన్నారు, మాటకు తమిళ, మలయాళ, కన్నడ భాషల్లోనూ చుట్టాలున్నాయి. భాషాభిమానం సాక్ష్యం కంటే ముందుకు పోతే ఆ అభిమానానికే నష్టం.

సాక్ష్యం గట్టిగా ఉన్నచోట మాత్రం సంకోచించనక్కరలేదు. ఇంగ్లీషు బాండికూట్ మన పందికొక్కే. ‘పంది’, ‘కొక్కు’ అన్న రెండు ముక్కలూ తెలుగులో విడివిడిగా అర్థమిస్తాయి, ఇంగ్లీషులో ఆ మాటను విడదీస్తే ఏమీ మిగలదు. ఒక సమాసం ఏ భాషలో విడిపోయి అర్థమిస్తుందో ఆ భాషే దాని పుట్టిల్లనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. మన పొలాల పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని, కడుపు సంచిలో పిల్లలను పెంచే ఆస్ట్రేలియా జంతువులకు కూడా వలస వచ్చిన ఇంగ్లీషువారు ఆ పేరే పెట్టారు. జంతుశాస్త్రజ్ఞులు 1873 నుంచి మన పందికొక్కుల ప్రజాతిని బాండికోటా అంటున్నారు.

ఇక గిడ్డంగి సంగతికి వస్తే, ఇప్పుడు తెలుగులో ఒకే వంశానికి చెందిన మూడు మాటలు కలిసి బతుకుతున్నాయి. రాష్ట్ర గిడ్డంగుల సంస్థ పేరులో పాతది నిలిచింది, హిందీ వైపు నుంచి గోదాము వచ్చింది, ఇంగ్లీషు మీదుగా గోడౌన్ వచ్చి రైతుల నోట స్థిరపడింది. నేలలో తవ్వి గింజలు దాచే గోతికి పాతర అనే వేరే మాట మనకు ఎప్పటి నుంచో ఉన్నది.

గాదె, పాతర, కొట్టు వంటి మాటల్లో మీ ఊళ్లో ఇప్పటికీ ఏవి వాడుకలో ఉన్నాయో, ఏ అర్థంలో వాడుతున్నారో, జిల్లా పేరుతో సహా వీడియో కింద రాయండి. పెద్దవారి నోట విన్న ఉచ్చారణను విన్నది విన్నట్లే రాస్తే, వచ్చే భాగంలో వాటిని ప్రాంతాలవారీగా పరిశీలిద్దాం.