ఊరికే కట్టుకున్న చీర

పెద్దలకు, తోటి స్త్రీలకు, పరీక్షల నడుమ తీరిక చేసుకుని వచ్చిన విద్యార్థినులకు నమస్కారం. సొంత ఊళ్ళో ముస్తాబై బయటికి వెళ్ళడం గురించి నేను మాట్లాడబోతున్నానని తెలిసి, ఇంత చిన్న సంగతికి ఒక సభ కావాలా అని కొందరు అడిగారట. మన శ్రీకాకుళం గుజరాతీపేటలో రవికెలు కుట్టి నన్ను చదివించిన తల్లికి కూతురిని. ముప్పై ఏళ్ళు కళాశాలలో వస్త్రాల గురించి పాఠాలు చెప్పాను. నాకు ఇది చిన్న సంగతిగా ఎన్నడూ తోచలేదు.

మా అమ్మ పోయిన మూడో నెలలో ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన గుప్పుమని కొట్టింది. అడుగున పాత పంచెగుడ్డలో చుట్టిన ఆరు పట్టుచీరలు ఉన్నాయి. వాటిలో నాలుగు, విప్పుతుండగానే మడతల వెంట పొడుగునా విడిపోయాయి. ఐదోదాని జరీ నల్లబడిపోయింది. పట్టు ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉండిపోతే ఆ గీత మీదే పోగులు తెగుతాయని, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చి నీడలో గాలికి ఆరవేయాలని, కలరా ఉండ జరీకి తగలనివ్వకూడదని ఎన్నో తరగతులకు చెప్పిన నేను, మా ఇంట్లో ఆ పెట్టెను మాత్రం ఏనాడూ తెరిచి చూడలేదు. ఆ చీరలు అమ్మ ఎన్నిసార్లు కట్టుకుందో మా అప్ప, అంటే అక్క, నేనూ కూర్చుని గుర్తు చేసుకున్నాం. ఒకటి రెండు పెళ్ళిళ్ళకు, ఒకటి ఒక గృహప్రవేశానికి, ఇంకొకటి ఆమె ఒంటిమీద మేమిద్దరం చూడనే లేదు. సగం పేట ఆడవాళ్ళకు కొత్త రవికెలు తొడిగిన మనిషి తన చీరలను ఒక సందర్భం కోసం దాచుకుంది. ఆ సందర్భం రాకుండానే వెళ్ళిపోయింది.

మన ఊళ్ళో ఆడమనిషి ముస్తాబుకు ఒక కారణం చూపించాలి. పెళ్ళి, పేరంటం, కార్తీక మాసం, అరసవల్లి రథసప్తమి, ఇవి ఒప్పుకున్న కారణాలు. ఇవేవీ లేని ఒక మంగళవారం సాయంత్రం తలలో పూలు పెట్టుకుని, ఉతికి గంజిపెట్టిన చీర కట్టుకుని వీధిలోకి వచ్చిందంటే, మూలింటి అరుగు మీదినుంచి ఒక ప్రశ్న వస్తుంది: "ఏటప్పా, ముస్తాబై ఎక్కడికి బయల్దేరినావు?" అడిగిన మనిషి మనసులో చెడు ఉండదు, ఆప్యాయతతోనే అడుగుతుంది. అయినా ఆ ప్రశ్నకు జవాబుగా ఒక పని చెప్పాలి. బ్యాంకుకనో, మందుల దుకాణానికనో, బంధువులింటికనో చెప్పాలి. నాగావళి గట్టున కాసేపు నడిచి వద్దామని అంటే అది జవాబు కింద చెల్లదు. అదే వీధిలోని మగవాళ్ళు ఏడు రోడ్ల కూడలిలో టీ గ్లాసు పట్టుకుని గంటసేపు నిలబడి వస్తారు, ఏం పని మీద నిలబడ్డారని వారిని ఎవరూ అడగరు.

నిజం చెప్పాలంటే, "ఎక్కడికీ లేదు పిన్నీ, ఊరికే" అన్నదే ఆ ప్రశ్నకు సరైన జవాబు. ఎంత చక్కటి మాట అది! ఏ కారణమూ లేకుండా అని ఒక అర్థం, ఊరి కోసమే అని ఇంకొక అర్థం. రెండు అర్థాలలోనూ ఊరికే అలంకరించుకుని, ఊరికే బయటికి వెళ్ళే హక్కు మనకు ఉండాలని చెప్పడానికే ఈరోజు వచ్చాను.

ఆ హక్కు లేకపోతే ఏమవుతుందో నేను బస్సులో చూశాను. నా ముందు సీటులో మన ఊరి పిల్ల ఒకతె విశాఖపట్నం వెళుతోంది. ఆర్టీసీ కాంప్లెక్సులో ఎక్కినప్పుడు బిగించి వేసిన జడ, మెడ చుట్టూ పిన్నులు పెట్టిన చున్నీ ఉన్నాయి. బస్సు రణస్థలం దాటగానే చిన్న అద్దం తీసి, జడ విప్పి దువ్వుకుని, కాటుక దిద్దుకుని, సంచిలోని లోలాకులు చెవులకు పెట్టుకుంది. ఎంతో నేర్పుగా, ఎంతో ఇష్టంగా చేసుకుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అదే చోట ఆ లోలాకులు తీసి సంచిలో వేసుకుని ఉంటుంది. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. ఎవరూ తెలియని నగరంలో తనకు నచ్చినట్టు ఉండగలిగిన పిల్ల, అందరూ తెలిసిన ఊళ్ళో ఉండలేకపోతోందంటే ఆలోచించవలసినది మనం. మన యాస విషయంలోనూ ఇలాగే జరుగుతోంది. రణస్థలం దాటగానే "ఏటి" అన్న మాట "ఏంటి"గా మారిపోతుంది. ఆ మాటను, ఆ లోలాకులను దాపరికంలోకి నెట్టినది ఒకే సంకోచమని నేను నమ్ముతాను.

ఇక అలంకరణ అంటే ఏమిటన్నది. అమ్మ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం కొలత. రవికె ఛాతీ దగ్గర, నడుము దగ్గర సరిపోతే చాలదని, చంక దగ్గర కత్తిరింపు కుదరకపోతే మిగతా పనితనమంతా వ్యర్థమని ఆమె అనేది. కుట్టిన రవికెను తొడుక్కుని చూసుకున్న ప్రతి మనిషినీ, బస్సులో పై కడ్డీ పట్టుకునేటట్టు చెయ్యెత్తి చూపించమనేది. చెయ్యి లేచినప్పుడు రవికె మొత్తం పైకి జరిగితే, ఇచ్చిన డబ్బు పక్కన పెట్టి, కుట్టు విప్పి మళ్ళీ కుట్టేది. అప్పుడు నాకు అది చాదస్తంగా కనిపించేది. ఆ రవికె ఇంట్లో అద్దం ముందు నిలబడడానికి మాత్రమే కాదని, బస్సు ఎక్కే మనిషికి, సంతలో సంచి మోసే మనిషికి, పిల్లను ఎత్తుకునే మనిషికి అని ఆమె తలచిందని ఇప్పుడు అర్థమవుతోంది. బయట తిరగడానికి వీలుగా ఉన్న బట్టే నలుగురిలోనూ నిండుగా కనిపిస్తుంది. మాటిమాటికీ సర్దుకోవలసిన బట్ట ఎంత ఖరీదైనదైనా మనిషిని ముడుచుకుపోయేలా చేస్తుంది.

ఈ సంగతి మన పల్లెల ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కూరగాయల గంపలతో తెల్లవారుజామున పట్టణానికి వచ్చే ముసలమ్మలలో కొందరు ఇప్పటికీ గూడకట్టు పద్ధతిలో చీర కడతారు. పాదాలకు అడ్డుపడకుండా ఎత్తుగా, నడుముకు బిగువుగా నిలిచే ఆ కట్టులో దున్నిన మడిలోనూ నడవవచ్చు, నెత్తిన బరువుతో గట్టు కూడా దాటవచ్చు. ముక్కుకు అడ్డబాస, చేతిమీద పచ్చబొట్టు, నూనె రాసి వేసిన బిగువైన కొప్పు: వారి ముస్తాబు రోజూ ఉండేదే, దానికి పండుగతో పని లేదు. మేం చదువుకున్నవాళ్ళం ఆ కట్టును వదిలేసి, నాట్య ప్రదర్శనలలో వేషంగా మాత్రం పిల్లలకు కడుతున్నాం. అందరూ తిరిగి గూడకట్టు కట్టాలని నేను అనడం లేదు. ఆ నడకలోని నిబ్బరం, ఆ తలఎత్తు మన ఊరిదేనని, దాన్ని వేరే చోటినుంచి తెచ్చుకోనక్కరలేదని మాత్రం అంటున్నాను.

బట్ట విషయానికి వస్తే, మన ఊరికి ఉన్న అదృష్టం చాలా ఊళ్ళకు లేదు. ఆంగ్లేయులు ఈ ఊరిని చికాకోల్ అని రాసుకున్న కాలంలో ఆ పేరుతోనే సన్నని మస్లిన్ బట్ట పేరుపొందింది. ఇక్కడికి గంట ప్రయాణం కూడా లేని పొందూరులో ఇప్పటికీ స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 నంబరు నూలు వడుకుతారు. ఆ అంకె అర్థం విద్యార్థినులకు చెప్పాలి. పత్తి నూలుకు వాడే పాత ఆంగ్ల లెక్కలో, ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అది అంత నంబరు. 100 నంబరు అంటే పౌనుకు 84,000 గజాలు, అంటే 76 కిలోమీటర్లకు పైగా పొడవు. అరకిలో కూడా లేని నూలు ఇక్కడినుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. సముద్రపు గాలిలోని తేమకు ఒళ్ళంతా చెమట పట్టే మన వేసవిలో, ఆ చెమటను పీల్చుకుని త్వరగా ఆరిపోయే బట్ట ఇంతకు మించి ఉండదు. చీరలు నేస్తున్నా, పొందూరు అనగానే లోకానికి గుర్తుకు వచ్చేది సభలలో పెద్దమనుషులు కట్టే పంచె. వడికే చేతులు ఆడవాళ్ళవి, ఆ నూలు ఎక్కువగా చేరేది మగవాళ్ళ ఒంటిమీదికి. ఖరీదు ఎక్కువన్న మాట నిజమే. పని గంటలు తెలిసినవారు ఆ ధర తగ్గాలని అడగలేరు. ఏడాదికి మూడు సిల్కు చీరలు కొనే చోట ఒకటి పొందూరుది కొనుక్కుని, గంజిపెట్టి వారం వారం కట్టుకొమ్మని మాత్రం అడుగుతాను.

ఒంటి రంగు గురించి ఒక్క మాట. మనలో చాలామందిమి చామనఛాయ వాళ్ళం, నల్లని వాళ్ళం. తెల్లబడే క్రీముల్లో బాగా పేరుపడ్డది 2020లో తెలుపును సూచించే మాటను తన పేరులోంచి తీసేసింది కానీ, మన ఇళ్ళలో పెళ్ళిచూపుల మాటల్లోంచి ఆ మాట ఇంకా పోలేదు. దుకాణాల్లో చీటీ లేకుండా కొనే కొన్ని క్రీములలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వైద్యుల సలహా లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. ఆ మచ్చలతో నా దగ్గరికి వచ్చి ఏడ్చిన పిల్లలను నేను మరిచిపోలేను. నల్లని మెడ మీద కనకాంబరాల దండ ఎంత వెలుగుతుందో, పసుపుపచ్చ చీర ఎంత ఒప్పుతుందో వారికి చిన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉండవలసింది.

ఇంత ముస్తాబై ఎక్కడికి వెళ్ళాలని మీరు అడగవచ్చు. సాయంత్రం నాగావళి వంతెన మీద గాలి ఉంది. అరసవల్లి ఊరిని ఆనుకునే ఉంది. సెలవు రోజున కళింగపట్నం వెళితే వంశధార సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో మన రాష్ట్రపు ఆడవాళ్ళకు టికెట్టు ఖర్చు లేదు కాబట్టి, ఊరికే వెళ్ళడానికి డబ్బు తగలేస్తావా అన్న ఒక అడ్డంకి తొలగింది. ఇంకా చాలా తొలగాలి. గట్టు మీద కూర్చోవడానికి బల్లలు, చీకటి పడ్డాక వెలిగే దీపాలు, కుచ్చిళ్ళు బురదలో పడకుండా నడిచే కాలిబాట, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ఇవి సౌందర్యానికి సంబంధం లేనివని అనుకోకండి. మరుగుదొడ్డి లేని చోటికి వెళ్ళవలసి వస్తుందని, పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా బయలుదేరిన ఆడవాళ్ళ మొహాలలో కళ ఎక్కడినుంచి వస్తుంది? వీటి కోసం మనం అర్జీలు రాయాలి. అర్జీ రాసి ఇంట్లో కూర్చోకుండా ఆ గట్టున రోజూ పదిమందిమి కనిపిస్తూ ఉండాలి. మనుషులు తిరిగే చోట దీపం పెట్టమని అడగడం తేలిక.

అందుకని వచ్చే ఆదివారం సాయంత్రం అయిదున్నరకు నేను నాగావళి గట్టుకు వస్తున్నాను. పండుగ లేదు, వ్రతం లేదు, ఎవరింట్లోనూ శుభకార్యం లేదు. ఇష్టమున్నవారు మీకు నచ్చినట్టు తయారై రండి, చున్నీ ఉన్నా లేకపోయినా, జడ వేసుకున్నా విరబోసుకున్నా. అమ్మ పెట్టెలో మిగిలిన ఆ ఆరో చీర నేను కట్టుకుంటాను. ఆకుపచ్చది, మామిడిపిందెల అంచు. పైట దగ్గర ఒక మడత చిరుగుపడితే రఫ్ఫు చేయించాను. రవికె నేనే కుట్టుకున్నాను, చెయ్యెత్తి చూసుకున్నాను కూడా. మా వీధి మూలింటి పిన్నిగారు ఎక్కడికని తప్పక అడుగుతారు, ఆవిడను కూడా వెంటబెట్టుకుని వస్తాను.