ఎర్రపెన్ను జేబులోనే ఉంచండి

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న గురుకులాల తెలుగు ఉపాధ్యాయులకూ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన అరగంటలో సగం దానికే పోతుంది, మన్నించండి.

కవిత్వం చెప్పడం అనగానే మనకు ప్రతిపదార్థం, తాత్పర్యం గుర్తొస్తాయి. ఇవాళ వాటి జోలికి పోను. ఇల్లు వదిలి హాస్టల్‌కొచ్చిన అయిదో తరగతి పిల్ల, లోపలున్న మాటని కాగితం మీద పెట్టాలంటే మనమేం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, అదే చెబుతాను.

ఒక్క పీరియడ్ చాలు, 40 నిమిషాలు. పిల్లలు 12 మందికి మించొద్దు. మిగతావాళ్ళని లైబ్రరీకి పంపి, వారం మార్చి వారం పిలవండి. గుండ్రంగా కూర్చోబెట్టి ఒక చిన్న కవిత రెండుసార్లు చదవండి. అర్థం అడగొద్దు. తర్వాత 12 నిమిషాలు రాయనివ్వండి. 'నీ బాధ గురించి రాయి' అన్నారంటే వ్యాసం వస్తుంది, లేదా ఏడుపొస్తుంది. 'నీ పెట్టెలో ఉన్న ఒక వస్తువు గురించి రాయి' అనండి. బాధ దానంతటదే వస్తుంది, రావాలనుకుంటే.

రూపం కావాలంటే నానీ పట్టుకోండి. ఎన్. గోపి గారు 1997లో తెచ్చిన ప్రక్రియ. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. 'మా నాన్న నన్ను వదిలి వెళ్తే చాలా బాధేసింది' అని ఒక పిల్ల రాసిందనుకోండి. తప్పేం లేదు. ఆ రోజు ఏం కనబడిందని మాత్రం అడగండి. ఇలా మారొచ్చు:

హాస్టల్ గేటు దగ్గర
నాన్న చెయ్యి ఊపాడు
నా పెట్టె
ఇంకా తెరవలేదు

లెక్కపెట్టండి, 24. వొత్తుని విడిగా లెక్కేస్తారు పిల్లలు, అక్కడే తప్పుతారు. 'స్త్రీ' ఒకటే అక్షరం. 'హాస్టల్'లో పొల్లు ల్‌కి లెక్క లేదు, సున్నాకీ లేదు. 26 వచ్చిందా? వదిలెయ్యండి. ఈ లెక్క గీటురాయి కాదు. వేళ్ళు లెక్కలో ఉంటే బాధంతా ఒక్కసారే మీద పడదు, అందుకే అది.

ఇక ఎర్రపెన్ను. 'యాది' కొట్టేసి 'జ్ఞాపకం' అని రాసే చెయ్యి మనదే. తండా పిల్ల తన ఇంటి భాష, లంబాడీల గోర్ బోలిని తెలుగు లిపిలో రాస్తే 'ఇది తెలుగు కాదమ్మా' అంటాం. ఆ కాగితం పరీక్ష పేపరా? మార్కులుంటాయా? ఇంకోటి కూడా ఉంది, కవితల పోటీ. వారం పాటు పిల్లలు మెల్లగా నోరు విప్పుతారు. ఇంతలో వార్షికోత్సవం వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే కవితని ఏరి, మైకు ముందు చదివించి, శాలువా కప్పి ఫోటో తీస్తాం. మర్నాటి నుంచి ఆ పిల్ల 'అమ్మ', 'పచ్చదనం' మీదే రాస్తుంది. ఏ టీచరుని అడిగినా ఇదే జరిగిందంటారు, అయినా ఏటా చేస్తాం! దయచేసి, కనీసం ఈ సంవత్సరం ఆపండి.

రాసిన కాగితానికి మూడే దారులు: చింపెయ్యొచ్చు, దాచుకోవచ్చు, చదవొచ్చు. ఏదన్నది పిల్ల ఇష్టం. ఎవరైనా చదివితే వినేవాళ్ళు 'బాగుంది' అనకూడదు. గుర్తుండిపోయిన ఒక్క మాట తిరిగి చెప్పాలి. 'బాగుంది' అన్నామంటే చదవనివాళ్ళకి మార్కు తగ్గినట్టే.

ఆఖరి పీరియడ్‌లో మాత్రం పెట్టకండి. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ కాలేజీ విద్యార్థుల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు, మనసుని కలచిన సంగతులు రాయించారు. జరిగిందీ, అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. కానీ రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. పెద్దపిల్లలకే అలాగైతే చిన్నవాళ్ళ సంగతి చెప్పాలా? అందుకే చివరి అయిదు నిమిషాలు పాటకో, ఆటకో ఉంచండి. గంట కొట్టగానే లేపి స్టడీ అవర్‌కి తోలకండి.

'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి. మొదటి రోజే చెప్పండి: 'నీకు ప్రమాదం అనిపిస్తే దాచను' అని. చనిపోవాలన్న మాట కనబడితే పిల్లని ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజెయ్యాల్సిందే. ప్రిన్సిపాల్‌కి చెప్పి ఊరుకుంటే చాలదు. మనం కౌన్సెలర్లం కాము. గాయాన్ని కెలికి చూసే పని మనది కాదు.

సరే, ఇప్పుడు మీ ముందున్న తెల్లకాగితం తీసుకోండి. పిల్లల్ని రాయమనే ముందు మీరూ రాసి చూడాలి. మీ బ్యాగులో ఉన్న ఒక వస్తువు, 12 నిమిషాలు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూడకండి.