గుడ్డ కొనడం వేరు, బొంత కుట్టడం వేరు

శ్రోతలకు నమస్కారం.

గుడ్డ ముక్కలు కలిపి బొంతలు కుట్టే సరదా, ఇప్పుడు క్విల్టింగ్ అంటున్నారు, అది ఉన్నవాళ్లందరికీ ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఇంత డబ్బు పోసి కుట్టే బదులు ఓ దుప్పటి కొనుక్కోవచ్చుగా?" అని. దానికి చాలామంది "ఇంట్లో కుట్టుకుంటే చవక" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. అది నిజం కాదని అడిగినవాళ్లకీ తెలుసు. పైన కొత్త గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో గుడ్డ, దారం, అంచు పట్టీ అన్నీ కలిపితే ఫ్యాక్టరీ దుప్పటికంటే మామూలుగా మన బొంతకే ఎక్కువవుతుంది. మన గంటలకు కూలి కూడా కట్టుకుంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

పాతబట్టలతో కుట్టేవాళ్ల సంగతి వేరు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఓ పల్లెప్రాంతం ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని అరిగిపోయిన బట్టలతో చలికి బొంతలు కుట్టుకునేవారు. ఆ బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని ఆర్ట్ మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శనకు పెట్టారు. వాళ్లది నిజమైన పొదుపు. కొత్త గుడ్డ మీటర్లకు మీటర్లు కొని, ముక్కలుగా కోసి, మళ్లీ అతికే మనం ఆ పేరు చెప్పుకుంటే ఏం బాగుంటుంది?

మరి ఏమని చెప్పాలి? ఇది నా సరదా, దీనికి ఇంత పెడుతున్నాను అని చెప్పాలి. అందులో తప్పేమీ లేదు. ఒక్క బొంత వారాల తరబడి సాయంత్రాలను నింపుతుంది. రంగులు ఎంచుకోవడం, కోయడం, కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. ఖర్చును ఆ గంటలతో భాగించి చూడండి, చాలా సరదాలకంటే ఇదే నయమనిపిస్తుంది. పైగా చివర్లో కప్పుకోవడానికి ఒకటి మిగులుతుంది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. గంటలు కుడితేనే వస్తాయి. కొని అలమరలో పెట్టిన గుడ్డ ఒక్క గంటా ఇవ్వదు. గుడ్డ కొనడం ఒక హాబీ, బొంత కుట్టడం ఇంకో హాబీ అని కుట్టేవాళ్లే జోకులేస్తుంటారు. మీ డబ్బు ఏ హాబీకి పోతోందో తెలియాలంటే అలమర తెరవండి. పూలవీ, చుక్కలవీ ముచ్చటైన చిన్న ముక్కలు బోలెడుంటాయి. వాటిని కలపడానికి కావలసిన లేతరంగు సాదా గుడ్డ మాత్రం ఉండదు. అడుగుకు వేసే పెద్ద గుడ్డ అసలే ఉండదు. అందుకే అలమర నిండా గుడ్డ ఉండి కూడా ప్రతి బొంతకీ మళ్లీ షాపుకు పరుగెత్తాల్సి వస్తుంది. సేల్‌లో కొనాలనుకుంటే ఆ సాదా గుడ్డ కొనండి. పూలవి ఇంట్లో చాలానే ఉన్నాయి.

గుడ్డ ఎక్కడికి పోతుందో కూడా చూద్దాం. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. రెండంగుళాల చదరం కనిపించాలంటే రెండున్నర అంగుళాల చదరం కోయాలి. లెక్కేస్తే కోసినదాంట్లో 36 శాతం కుట్టు వెనకాలే దాక్కుంటుంది! అదే ఆరంగుళాల చదరమైతే దాక్కునేది 15 శాతమే. చిన్న ముక్కల బొంత అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఖరీదైన గుడ్డ కొన్నప్పుడు పెద్ద ముక్కల డిజైన్ ఎంచుకుంటే మీరు డబ్బిచ్చిన గుడ్డ కళ్లకు కనిపిస్తుంది.

అడుగు గుడ్డ దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు బొంత అనుకుందాం. గుడ్డ పన్నా 44 అంగుళాలు. అడుగు గుడ్డ చుట్టూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉంచుకోమంటారు కాబట్టి, పొడుగ్గా రెండు పట్టీలు కలిపితే దాదాపు నాలుగున్నర మీటర్లు పడుతుంది. అతుకు నిలువుగా కాకుండా అడ్డంగా వచ్చేలా కలిపితే మూడున్నర మీటర్లు చాలు. గుడ్డ అంచులూ, అతుకు కుట్టులోకి పోయేదీ తీసేస్తే పైనా కిందా మిగిలేది నాలుగంగుళాలు కాదు, రెండున్నర దాకా వస్తుంది. ఇంటి మిషన్ మీద కుట్టేవాళ్లకు అది సరిపోతుంది. కొత్త నూలు గుడ్డ ఉతికితే కాస్త కుదించుకుపోతుంది, ముందే తడిపి ఆరబెట్టేవాళ్లు కొంచెం ఎక్కువే తీసుకోవాలి. ఏమైనా కాగితం మీద గీసుకోకుండా షాపుకు వెళ్లొద్దు.

మిషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నేరుగా, సమానంగా కుట్టు పడే పాత మిషన్ చాలు. దారం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నాసి దారం నూగు రాలుస్తుంది, తెగుతుంది, మీ సాయంత్రాన్ని తినేస్తుంది. మొద్దుబారిన సూదీ అంతే.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. కొత్త గుడ్డ సంచిని మంచం కింద దాచి, తర్వాత "ఇది ఎప్పటిదో" అనేవాళ్ల కథలు విని నవ్వుకుంటాం గానీ, ఇద్దరి సంపాదనా కలిసిన ఇంట్లో అది నవ్వుకునే విషయం కాదు. నెలకు ఇంత అని ఇద్దరూ కూర్చుని అనుకోండి. అవతలివాళ్ల సరదాకూ ఓ మొత్తం పక్కన పెట్టండి. ఆ డబ్బు పరిధిలో ఏం కొన్నా సంజాయిషీ ఉండకూడదు, దాటితే ముందే చెప్పాలి. కొందరు ఒక బొంత పూర్తయ్యాకే కొత్త గుడ్డ అని నియమం పెట్టుకుంటారు. నాకది మరీ కఠినంగా తోస్తుంది. అన్నీ సగంలో ఆపేసేవాళ్లకైతే పనికొస్తుంది.

చివరిగా, మీ బొంత చూసి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "నాకూ ఒకటి కుట్టిపెట్టవా, గుడ్డ డబ్బులిస్తాలే" అని. అభిమానంతో ఇవ్వాలనుకుంటే ఉచితంగానే ఇవ్వండి. అమ్మాలనుకుంటే దూది పొర, అడుగు గుడ్డ, దారం, మీ గంటలు అన్నీ కలిపి ధర చెప్పండి. ఆ ధర విని వాళ్లు వెనక్కి తగ్గితే మొహమాటపడి తగ్గించకండి. ఆ గంటల్లో మీ అలమరలోని గుడ్డ కుట్టుకోవచ్చు.

నమస్కారం.