ఆ షరతు ఎక్కడ రాసుందో చూడండి: ఫీజులు, స్కాలర్‌షిప్‌ల మీద ఫోన్-ఇన్

(నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతల కోసం ఆదివారం ఉదయం ప్రసారమైన కార్యక్రమం ఇది. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాం. సలహాలు ఇచ్చినవారు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, చాలా ఏళ్ళు స్కాలర్‌షిప్ సెక్షన్ కూడా చూసి రిటైరైన లెక్చరర్.)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. పోయిన వారం ఉద్యోగాల గురించి మాట్లాడదామని కూర్చుంటే వచ్చిన ఫోన్లలో సగం ఫీజుల గురించే. అందుకని ఈ గంటంతా దానికే. సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ పొదలకూరు వైపు నుంచి. చెప్పండమ్మా.

తల్లి: నమస్తే అమ్మా, నమస్తే సార్. మా పాప పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ చదువుతోంది. ఇప్పుడు రెండో సంవత్సరం. చేరేటప్పుడు ఇంటర్ మార్కులు చూసి, ట్యూషన్ ఫీజులో సగం స్కాలర్‌షిప్ అన్నారు. మూడు లక్షలకు లక్షన్నర కట్టినాం. ఇప్పుడేమో సీజీపీఏ అంట, మార్కుల సగటు, అది పదికి 8.5 ఉండాలంట సార్. పాపకు 8.1 వచ్చింది. స్కాలర్‌షిప్ తీసేశాం, మూడు లక్షలూ కట్టండి అని ఫోనుకు మెసేజ్ పెట్టినారు. మాకు మూడెకరాల నిమ్మతోట. కాయ ధర ఎప్పుడు ఎట్టా ఉంటదో మాకే తెలీదు.

సలహాదారు: పాప ఏదైనా సబ్జెక్టు తప్పిందా అమ్మా?

తల్లి: లేదు సార్. ఒక్కటీ తప్పలేదు.

సలహాదారు: ఈ 8.5 మాట చేరే రోజు ఎవరైనా చెప్పారా?

తల్లి: ఎవరూ చెప్పలా. ఊళ్ళోకి వచ్చిన అడ్మిషన్ల అబ్బాయి, బాగా చదివితే నాలుగేళ్ళూ వస్తది అన్నాడు. అంతే.

సలహాదారు: స్కాలర్‌షిప్ ఇచ్చినట్టు లెటర్ ఇచ్చి ఉంటారు. ఉందా?

తల్లి: బీరువాలో ఉంది సార్, సర్టిఫికెట్లతో పాటు. పాప చెల్లెలిని తీసుకుని కొట్టుకు పోయింది. వస్తానే తీయిస్తా.

సలహాదారు: తీయించండి. అందులో స్కాలర్‌షిప్ గురించి ఉన్న ప్రతి వాక్యం పాపతో చదివించి, మళ్ళీ ఫోన్ చేయండి. కార్యక్రమం అయ్యేదాకా మీ కోసం చూస్తాను. అప్పటిదాకా డబ్బు కోసం తోట తాకట్టు మాట ఎవరితోనూ ఎత్తకండి.

వ్యాఖ్యాత: సార్, ఇలా సగం, పావు అని ఇచ్చేవి చాలా వింటున్నాం. వీటి లెక్క ఏమిటి?

సలహాదారు: చాలాచోట్ల జరుగుతున్నది ధర తగ్గింపు. ముందు పెద్ద ఫీజు పెడతారు, మార్కులున్న పిల్లలకు అందులో కొంత తగ్గిస్తారు, సీట్లు నిండుతాయి. ఆ ఇంట్లో అప్పు ఎంతుంది, తోట కాపు కాసిందా లేదా అని అడిగేవాళ్ళే ఉండరు. ఈ తల్లికీ సగమే, నెల్లూరులో మూడంతస్తుల మేడ ఉన్నవాళ్ళకూ సగమే. రెండో ఏడాది అది తీసేస్తే మేడ ఉన్నవాళ్ళు మిగతాది కట్టేస్తారు. ఈ పిల్ల చదువు మానేస్తుంది. నాకు కడుపు మండేది ఇక్కడే. 8.1 తెచ్చుకుని, ఒక్క పేపరు కూడా తప్పని పిల్లను సరిగా చదవలేదని పంపించేయడం ఏ న్యాయం?

ఇంకోటి. ఆ సగం ట్యూషన్‌కు మాత్రమే. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజు, యూనిఫాం అన్నీ పూర్తిగా కట్టాల్సిందే. అందుకే చేరే ముందే తెల్లకాగితం మీద నాలుగేళ్ళకూ లెక్క వేసుకోండి. రెండో ఏడాది నుంచి స్కాలర్‌షిప్ లేదనుకుని ఒకసారి, ఉందనుకుని ఒకసారి వేయండి. మొదటి లెక్క మోయగలమా అని అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇబ్బందిని లెక్కలోకి తీసుకోవడం చేతకాని పనేమీ కాదండీ. మన ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉంది చూడండి, దాన్ని నడిపే ఆర్‌జీయూకేటీ యూనివర్సిటీ ప్రవేశాల్లో ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు పదో తరగతి స్కోరు మీద 4 శాతం డెప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువున్న చోట చదివినందుకు అదనపు స్కోరు, కలుపుతారు. ఎక్కడ చదివి వచ్చావు అని అడిగే పద్ధతి అది. సీటు దగ్గర చేయగలిగింది ఫీజు దగ్గర ఎందుకు చేయలేరు?

వ్యాఖ్యాత: తర్వాత టంగుటూరు నుంచి. చెప్పు బాబూ.

యువకుడు: నమస్తే సార్. నాది ఇక్కడే మన జిల్లాలోనే బీటెక్ అయిపోయింది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ కోటా సీటు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఇంకా రావాలంట, డెబ్భై వేలు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. వచ్చే నెల చెన్నైలో ఉద్యోగంలో చేరాలి. పది, ఇంటర్ మెమోలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు సార్.

సలహాదారు: ముందు ఆ మెమోల సంగతి. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లోనే చెప్పింది. చేరేటప్పుడు చూసి, సరిపోల్చుకుని, తిరిగి ఇచ్చేయాలి. ఇది నువ్వు అడుక్కునేది కాదు నాయనా.

ఇక ఆ డెబ్భై వేలు. ప్రభుత్వం పిల్లల ఫీజు కట్టే ఈ రీయింబర్స్‌మెంట్ పథకం 2008లో మొదలైంది. అప్పట్లో సొమ్ము కాలేజీకే పోయేది. తర్వాత విద్యా దీవెన పేరుతో తల్లి ఖాతాలో వేశారు, తల్లి కాలేజీకి కట్టాలి. 2024-25 నుంచి మళ్ళీ కాలేజీ ఖాతాకే అన్నారు. దారి ఇన్నిసార్లు మారింది కాబట్టి నీ నాలుగేళ్ళలో ఏ ఏడాది సొమ్ము ఎవరి ఖాతాకు వచ్చిందో, ఏ విడత రాలేదో విడివిడిగా చూడాలి. అమ్మ ఖాతాలో పడి కాలేజీకి కట్టని విడత ఏమైనా ఉందా?

యువకుడు: ఒక విడత... నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు వాడుకున్నాం సార్. అది తర్వాత కట్టేశాం. రసీదు ఉంది.

సలహాదారు: ఆ రసీదు జాగ్రత్త. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల జ్ఞానభూమి పోర్టల్‌లో నీ అప్లికేషన్ స్టేటస్ ప్రింటు తీసుకో. రాకపోతే మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడుగు. హాజరు 75 శాతం లేకపోయినా, బయోమెట్రిక్ పడకపోయినా ఆగుతుంది. అలాంటిదేమీ లేకుండా మంజూరై, విడుదల మాత్రమే కాలేదంటే అది ప్రభుత్వం కట్టాల్సిన బాకీ. ఆ ప్రింటు, రసీదులు జతచేసి ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయి. ఉద్యోగంలో చేరే తేదీ రాయి, ఆఫర్ లెటర్ నకలు పెట్టు.

కాలేజీ వైపు బాధ కూడా నాకు తెలుసు. విడత ఆగితే అక్కడ లెక్చరర్ల జీతాలు ఆగుతాయి. వాళ్ళలో నా శిష్యులు ఉన్నారు. కానీ ప్రభుత్వం ఇవ్వాల్సిన దానికి పిల్లవాడి కాగితాలు తాకట్టు పెట్టుకుంటే ఆ జీతాలు వస్తాయా? ఉద్యోగం పోతే ఈ పిల్లవాడికీ లేదు, కాలేజీకీ లేదు.

యువకుడు: అర్జీ తీసుకోకపోతే సార్?

సలహాదారు: రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2023లో నిబంధనలు తెచ్చింది. స్కాలర్‌షిప్ సొమ్ము ఆలస్యం కావడం, ఇవ్వకపోవడం కూడా ఆ ఫిర్యాదుల్లోకే వస్తాయి. కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ స్థాయిలో ఫిర్యాదులు విచారించే అధికారి, అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ప్రకాశం జిల్లా ఇంజనీరింగ్ కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉంటాయి, నెల్లూరువి అనంతపురం జేఎన్‌టీయూ కింద. నీ మార్కుల మెమో మీద ఏది ఉందో చూసుకుని దానికే రాయి.

వ్యాఖ్యాత: సింగరాయకొండ నుంచి ఒక తండ్రి. చెప్పండన్నా.

తండ్రి: నమస్కారం. మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, కన్వీనర్ సీటే. కానీ సచివాలయంలో అడిగితే మీకు రీయింబర్స్‌మెంట్ రాదంటున్నారు. మా పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం, ఇన్‌కం ట్యాక్స్ కడతాడు, సచివాలయం లెక్కల్లో వాడు మా హౌస్‌హోల్డ్‌లో, అంటే మా కుటుంబం కిందే ఉన్నాడంట. సార్, వాడి జీతం వాడి చదువు అప్పుకే చాలట్లేదు. నేను కూలికి వలలు అల్లుతాను. మా ఇల్లు చూస్తే ఎవరైనా మాది ఉన్న ఇల్లు అంటారా?

సలహాదారు: అనరన్నా. ఈ లెక్కలో ఉన్న పెద్ద లోపం అదే. ఆదాయం 2.5 లక్షల లోపు, మాగాణి పదెకరాల లోపు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ఇంట్లో ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు... ఉన్నది ఏముందో ఇన్ని రకాలుగా చూస్తారు. నెత్తిమీద ఎంత అప్పుందని అడిగే గడి ఆ ఫారంలో లేదు. అన్న చదువు అప్పు తీరుస్తున్నాడు కాబట్టి చెల్లెలు మళ్ళీ అప్పు చేయాలి. అబ్బాయికి పెళ్ళైందా?

తండ్రి: ఇంకా లేదు సార్.

సలహాదారు: పెళ్ళై వేరే కాపురం ఉంటే హౌస్‌హోల్డ్ విడగొట్టమని అడగొచ్చు. ఇప్పుడు ఆ దారి లేదు, లేనిది ఉందని మీకు ఆశ పెట్టను. వేరేవి చూద్దాం. అమ్మాయి ఇంజనీరింగ్ చదువులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో మొదటి ఏడాది చేరుతోంది కదా, ప్రగతి స్కాలర్‌షిప్‌కు పెట్టించండి. ఆడపిల్లల కోసమే ఉంది, ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. మార్కుల వరుసలో ఇస్తారు, అందరికీ రాదు. అయినా పెట్టాలి. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో, అంటే నూరు మందిలో పై ఇరవై మందిలో ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే అదే పోర్టల్‌లో కేంద్రం ఇచ్చేది ఇంకొకటి ఉంది, డిగ్రీ మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000. కానీ రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్ళకు అది ఇవ్వరు. మీకు రాదన్నారు కాబట్టి మీరు పెట్టొచ్చు.

తండ్రి: బ్యాంకులో అప్పు అడిగితే పొలం కాగితాలు తెమ్మన్నారు సార్. మాకు పొలం యాడుంది?

సలహాదారు: 4 లక్షల లోపు చదువు అప్పుకు తాకట్టు అడగాల్సిన పని లేదు. 7.5 లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని తెచ్చింది, దాంట్లో తాకట్టూ లేదు, జామీనూ లేదు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద చదువుతున్నంత కాలం 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే ఎంపిక చేసిన కాలేజీలకే. పోర్టల్‌లో మీ కాలేజీ పేరు ఉందో లేదో సీటు ఖాయం చేసుకునే ముందే చూడండి. అప్లికేషన్ కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా కాదంటే మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

తండ్రి: సరే సార్. మా అమ్మాయి పక్కనే ఉండి రాసుకుంటోంది.

వ్యాఖ్యాత: కావలి నుంచి ఒక అబ్బాయి. మన దగ్గర టైం తక్కువ ఉంది, త్వరగా చెప్పమ్మా.

విద్యార్థి: సార్, ఈ రాత్రికి ఇరవై అయిదు వేలు కడితే స్కాలర్‌షిప్ సీటు బ్లాక్ చేస్తామంటున్నారు, రేపైతే ఉండదంట. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఇంకా కాలేదు.

సలహాదారు: కట్టకు. రేపటికి మాయమయ్యే స్కాలర్‌షిప్ నాలుగేళ్ళు ఉంటుందని ఎలా నమ్ముతావు? కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆగు. ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఉన్నాయి మన రాష్ట్రంలో. ఇప్పటికే కట్టేసినవాళ్ళెవరైనా వింటుంటే, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే, 5 శాతానికీ 5,000కూ మించని ప్రాసెసింగ్ చార్జీలు పోను మొత్తం తిరిగి ఇవ్వాలని యూజీసీ చెప్పింది. ఆ తర్వాత ఆలస్యమయ్యే కొద్దీ 90, 80, 50 శాతమే తిరిగి వస్తుంది, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. కాబట్టి మానుకునేవాళ్ళు ఈ రోజే రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి.

వ్యాఖ్యాత: పొదలకూరు నుంచి మళ్ళీ లైన్‌లోకి వచ్చారు. అమ్మ కాదు, పాపే అనుకుంటా.

అమ్మాయి: నమస్తే సార్. లెటర్ నా చేతిలో ఉంది. చదవమంటారా?

సలహాదారు: నిదానంగా చదువు తల్లీ.

అమ్మాయి: అంతా ఇంగ్లీషులో ఉంది సార్, తెలుగులో చెప్తాను. ట్యూషన్ ఫీజులో యాభై శాతం స్కాలర్‌షిప్ మంజూరైంది. యూనివర్సిటీ నిబంధనలకు లోబడి కోర్సు కాలమంతా కొనసాగుతుంది. అంతే సార్. 8.5 ఎక్కడా లేదు. వెనక కూడా చూశాను.

సలహాదారు: ఆ నిబంధనలు జతచేసి ఇచ్చారా?

అమ్మాయి: లేదు సార్. ఒకటే పేజీ.

సలహాదారు: అయితే మన ప్రశ్న అదే. నువ్వు చేరిన రోజుకు అమల్లో ఉన్న స్కాలర్‌షిప్ నిబంధనల నకలు ఇవ్వండి అని అడగాలి. 8.5 షరతు అందులో ఉందా, తర్వాత పెట్టారా? ముందే ఉంటే అది నాకు ఎప్పుడు తెలియజేశారు? తర్వాత పెడితే నా బ్యాచ్‌కు ఎలా వర్తిస్తుంది? రెండో పేరాలో ఇంటి పరిస్థితి రాయి. తహశీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం పెట్టు. షరతు నిజంగా ఉందని తేలినా, ఒక సెమిస్టర్ గడువు ఇవ్వమని, ఫీజు వాయిదాల్లో తీసుకోమని అడుగు. అది వాళ్ళ చేతుల్లో ఉన్న పని.

అమ్మాయి: సార్... నేను మానేసి ఇక్కడే డిగ్రీలో చేరతానని అమ్మకు చెప్పేశాను నిన్న. చెల్లి ఇంటర్‌కు వచ్చింది.

సలహాదారు: విన్నానమ్మా. డిగ్రీ చదవడం తక్కువేమీ కాదు, నేను జీవితమంతా డిగ్రీ పిల్లలకే చెప్పాను. కానీ ఆ నిర్ణయం వాళ్ళ మెసేజ్ చూసి తీసుకోవద్దు. వాళ్ళ జవాబు కాగితం మీద వచ్చాక తీసుకుందువుగానీ. అమ్మకు కూడా ఆ మాట చెప్పు.

అమ్మాయి: సరే సార్. అర్జీ డీన్‌కు ఇవ్వాలా, రిజిస్ట్రార్‌కా?

సలహాదారు: రిజిస్ట్రార్‌కు. నకలు ఫిర్యాదుల కమిటీకి. రెండు సెట్లు తీసుకుపో. ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర వేయకపోతే అక్కడే నిలబడి అదే అర్జీ మెయిల్ చెయ్యి.

అమ్మాయి: సోమవారం తెల్లవారుజాము బస్సుకు పోతాను సార్. ముద్ర పడ్డాక ఫోటో మీకు పంపొచ్చా?

సలహాదారు: పంపు తల్లీ. తేదీ కనపడేట్టు తియ్యి.